పడిపోయినా లేచే మదర్‌బోర్డు

మా అక్క కొడుకు చెన్నైలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. విడిభాగాలు కొని సొంతంగా కంప్యూటర్ అమర్చుకోవాలనీ, దాన్ని ఓవర్‌క్లాక్ చేయడం, అంటే తయారీదారు పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడపడం, నేర్చుకోవాలనీ వాడికి చాలాకాలంగా కోరిక. ఏ మదర్‌బోర్డు కొనాలని అడిగితే హాస్టల్ స్నేహితుల నుంచి అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ దుకాణదారుల దాకా అందరూ వాడికి ఒకే మాట చెప్పారట: "ఓవర్‌క్లాకింగ్ అంటే అంతా బోర్డులోనే ఉంది. ప్రాసెసర్ చిన్నదైనా ఫరవాలేదు, బోర్డు మాత్రం పెద్దది తీసుకో."

ఈ మాట నాకు మింగుడుపడలేదు. ప్రాసెసర్‌ను చల్లబరచడానికి లిక్విడ్ నైట్రోజన్ పోసి రికార్డుల కోసం పోటీపడేవాళ్లకు అది సరైన సలహానే. వాళ్లకు బోర్డు హద్దు ఎక్కడుందో తెలుసు, ఆ హద్దు దాకా వెళ్లే పని కూడా వాళ్లకు ఉంది. నేర్చుకునేవాడి సంగతి వేరు. వాడు వోల్టేజీ తక్కువ పెడతాడు, మెమొరీ టైమింగులు అతిగా బిగిస్తాడు, తెలియని మీట ఒకటి మార్చి సేవ్ చేస్తాడు. తెర నల్లబడుతుంది. అలా నల్లబడిన ప్రతిసారీ వాడిని రెండు నిమిషాల్లో మళ్లీ బయోస్ (కంప్యూటర్ లేచేటప్పుడు మొదట నడిచే, ఈ సెట్టింగులన్నీ మార్చుకునే ప్రోగ్రామ్) తెర ముందుకు తీసుకొచ్చే బోర్డే వాడికి మంచి బోర్డు. అది ఎంత ఎత్తుకు ఎక్కగలదన్నది తర్వాతి మాట. కొత్తవాళ్లు ఈ వరుసను తలకిందులు చేసుకుని వేలకు వేలు పోగొట్టుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ముందు తలుపు తెరుచుకోవాలి

బోర్డు ఓవర్‌క్లాకింగును అనుమతిస్తుందో లేదో తేల్చే చిప్‌సెట్ సంగతి త్వరగా ముగిస్తాను. ఇంటెల్ వైపు ప్రాసెసర్ పేరు చివర కె అక్షరం ఉండాలి, బోర్డు జెడ్ వరుసది కావాలి: జెడ్690, జెడ్790, జెడ్890. బి660, బి760 బోర్డుల్లో మెమొరీ వేగం పెంచుకోవచ్చు గాని ప్రాసెసర్ గుణకాన్ని (మూల వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకెను) పెంచనివ్వవు. ఏఎమ్‌డీ వైపు బి వరుస చాలు: పాత సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఏఎమ్4లో బి450, బి550, కొత్త ఏఎమ్5లో బి650, బి850. ఏ320, ఏ520, ఏ620 బోర్డులు ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగుకు పనికిరావు.

ఇంత తేలికైన విషయం కూడా తడబడుతుంది. మావాడికి ఒక దుకాణంలో రాసిచ్చిన కొటేషన్‌లో కె రకం ప్రాసెసర్, పక్కనే బి760 బోర్డు ఉన్నాయి. తాళం తీసిన ప్రాసెసర్‌కు అదనంగా డబ్బు కట్టించి, దాన్ని తాళం వేసిన బోర్డులో కూర్చోబెట్టడమన్నమాట. ఓవర్‌క్లాకింగ్ కోసమే కొంటున్నానని వాడు ముందే చెప్పాడు కూడా.

నా మొగ్గు మాత్రం ఏఎమ్‌డీ వైపే. కారణం వేగం కాదు. జెడ్ బోర్డుకు పెట్టే డబ్బుతో పోలిస్తే బి650 లాంటి బోర్డు కొత్తవాడి జేబుకు తక్కువ బరువు, పైగా ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్లలో కొన్ని ఎక్స్3డీ (అదనపు క్యాష్ మెమొరీ ఉన్న) రకాలు తప్ప దాదాపు అన్నీ తాళం లేకుండానే వస్తాయి.

పెట్టె మీది అంకెలు

మౌంట్ రోడ్డు నుంచి రిచీ స్ట్రీట్‌లోకి తిరిగి మావాడూ నేనూ ఎక్కిన ఒక దుకాణంలో, తమిళం తెలుగు కలిపి మాట్లాడే పెద్దాయన రెండు పెట్టెలు బల్ల మీద పెట్టారు. ఒకదాని మీద 8+2+1 అని ఉంది, రెండోదాని మీద 16+2+1. "ఇది ఎనిమిది ఫేజులు, ఇది పదహారు ఫేజులు. మీరే చూసుకోండి సార్" అన్నారు. ధర కూడా రెట్టింపుకు దగ్గరగా ఉంది.

ప్రాసెసర్‌కు విద్యుత్తు అందించే భాగాన్ని వీఆర్ఎమ్ అంటారు. పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను ఒక వోల్టు పైచిలుకుకు దించి, వంద ఆంపియర్లకు పైగా కరెంటును నిలకడగా పంపడం దాని పని. ఆ పనిని కొన్ని సమాంతర మార్గాలు పంచుకుంటాయి, అవే ఫేజులు. మొదటి అంకె ప్రాసెసర్ కోర్లకు (లెక్కలు చేసే భాగాలకు), మిగిలినవి ఇతర భాగాలకు. అయితే పెట్టె మీది 16 అంటే కంట్రోలర్ విడివిడిగా నడిపే పదహారు ఫేజులే కానక్కర్లేదు. ఎనిమిదింటిని జంటలుగా కట్టి పదహారని రాయడం మామూలే. అది మోసమేమీ కాదు, కరెంటు మోసే శక్తి నిజంగానే పెరుగుతుంది. ఫేజుల లెక్క కన్నా ఒక్కో పవర్ స్టేజి (ఫేజులో కరెంటు మోసే చిప్పు) ఎన్ని ఆంపియర్లు మోస్తుందన్నదే ముఖ్యం. యాభయ్యా, అరవయ్యా, ఎనభయ్యా అన్నది పెట్టె మీద కనిపించదు, స్పెసిఫికేషన్లలో వెతకాలి.

అక్కడే నిలబడి లెక్క వేశాం. మావాడు అనుకున్నది రైజెన్ 5 7600ఎక్స్. మామూలు సెట్టింగుల్లో దాని సాకెట్ పవర్ పరిమితి 142 వాట్లు. కోర్ వోల్టేజీ 1.25 అనుకుని, ఆ వాట్లన్నీ కోర్లకే పోతున్నాయనుకున్నా దాదాపు 114 ఆంపియర్లు. ఎనిమిది ఫేజులు ఒక్కొక్కటి 60 ఆంపియర్లవైతే కాగితం మీద 480. స్టేజి మీద రాసిన అంకె ఆదర్శ పరిస్థితులకు సంబంధించినది కాబట్టి అందులో సగమే నమ్మినా, అవసరానికి రెట్టింపు మిగులుతోంది. ఆరు కోర్ల ప్రాసెసర్‌ను గాలి కూలర్‌తో ఎంత పరుగెత్తించినా ఆ చిన్న బోర్డు అలిసిపోదు. 230 వాట్లు తాగే రైజెన్ 9 7950ఎక్స్ అయినా, 253 వాట్ల కోర్ ఐ9 14900కె అయినా నేను ఇంత ధైర్యంగా చెప్పను. ఆ ప్రాసెసర్లు కొనేవాడు సాధారణంగా మొదటిసారి నేర్చుకునేవాడు కాదు.

ఫేజుల కన్నా నేను చూసేది వాటి మీద కూర్చున్న హీట్‌సింక్. దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన బోర్డును మావాడి చేతికిచ్చి, నల్లటి కవచం అంచు కింద వేలు పెట్టి చూడమన్నాను. పైన కనిపించేది ప్లాస్టిక్, కింద సన్నటి అల్యూమినియం పట్టీ. పైన పటారం లోన లొటారం. పక్కనే ఉన్న, చూడ్డానికి సాదాగా ఉన్న బోర్డు మీద బరువైన దిమ్మె ఉంది, దానికి గాలి ఆడే గాడులు ఉన్నాయి, మరలతో గట్టిగా బిగించి ఉంది. రెండోది చవక.

నల్ల తెర ముందు

నా అభిప్రాయానికి ఆయువుపట్టు ఇక్కడుంది. ఓవర్‌క్లాక్ వికటించినప్పుడు కంప్యూటర్ లేవదు. అప్పుడు కొత్తవాడి బుర్రలో ఒకటే ప్రశ్న: కాలిపోయిందా? కాలిపోవడం చాలా అరుదు. కాని ఆ భయం పోగొట్టే జవాబు బోర్డే చెప్పాలి.

జవాబు చెప్పే సాధనాలు మూడు నాలుగు ఉన్నాయి. మొదటిది, ప్రాసెసర్, మెమొరీ, గ్రాఫిక్స్, బూట్ అని నాలుగు చిన్న దీపాలు. ఎక్కడ ఆగిపోయిందో ఆ దీపం వెలుగుతుంది. ఇంకా ఖరీదైన బోర్డుల్లో రెండంకెల కోడ్ చూపే చిన్న తెర ఉంటుంది. రెండోది, బయోస్ సెట్టింగులను చెరిపేసే క్లియర్ సీమాస్ ఏర్పాటు. కొన్ని బోర్డులకు వెనుకవైపే బటన్ ఉంటుంది. చాలావాటికి బోర్డు అడుగున రెండు పిన్నులు ఉంటాయి, స్క్రూడ్రైవర్ మొనతో వాటిని కలపాలి. మూడోది బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్. ప్రాసెసర్ లేకున్నా, ఉన్న బయోస్ చెడిపోయినా, పెన్‌డ్రైవ్ నుంచి కొత్త బయోస్ ఎక్కించే మార్గం అది. బయోస్ అప్‌డేట్ నడుమ కరెంటు పోతే చచ్చినట్టు పడి ఉన్న బోర్డును లేపేది ఆ బటనే. ఎండాకాలంలో ఎప్పుడు కరెంటు పోతుందో తెలియని ఇంట్లో, యూపీఎస్ లేనివాడికి, నేను మరో నాలుగు ఫేజులు వద్దని ఈ ఒక్క బటన్ తీసుకోమంటాను.

"ఇవన్నీ ఖరీదైన బోర్డుల్లోనే ఉంటాయి కదా, అంటే పెద్ద బోర్డే కొనాలని మీరూ ఒప్పుకున్నట్టేగా?" అని అడగవచ్చు. ఇందులో కొంత నిజముంది. రెండంకెల తెర, వెనుకవైపు క్లియర్ బటన్ ఎక్కువగా పై తరగతి బోర్డులకే ఇస్తున్నారు. ఇది నాకు నచ్చని ధోరణి. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకు అందకుండా చేస్తున్నారు. అయితే నాలుగు దీపాలూ, ఫ్లాష్‌బ్యాకూ మధ్య ధర బోర్డుల్లో దొరుకుతున్నాయి. క్లియర్ బటన్ లేకపోతే తేలికైన ఉపాయం ఉంది. క్యాబినెట్ ముందువైపు రీసెట్ బటన్ తీగను దాని చోటు నుంచి పీకి, క్లియర్ సీమాస్ పిన్నుల మీద గుచ్చితే సరి. ఇక పవర్ సప్లై స్విచ్ ఆపి ఆ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కితే చాలు, గ్రాఫిక్స్ కార్డు కింద చెయ్యి దూర్చి పిన్నుల కోసం తడుముకునే పని ఉండదు.

మావాడి యంత్రం మొదటిసారి ఆన్ చేసిన రాత్రి ఫోను వచ్చింది. "మామయ్యా, బోర్డు పోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద ఏమీ రావడం లేదు. ఆపేసి మళ్లీ వేయమంటావా?"

"ఆపకు. దీపాలు చూడు, ఏది వెలుగుతోంది?"

"మెమొరీ దగ్గర పసుపు."

"అలాగే వదిలేసి అన్నం తినిరా."

ఏఎమ్5 బోర్డుల్లో డీడీఆర్5 మెమొరీని మొదటిసారి సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆ సంగతి పెట్టె మీద ఎక్కడా పెద్ద అక్షరాలతో ఉండదు. దీపం లేని బోర్డైతే వాడు నాలుగుసార్లు ఆపి వేసేవాడు, మరునాడు దుకాణానికి తీసుకెళ్లేవాడు. తిరిగొచ్చేసరికి తెర వచ్చి ఉంది.

మొదటి మెట్టు ఎక్కడుందో తెలియాలి

అనుభవం ఉన్నవాళ్లు కూడా అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. బోర్డును ముట్టుకోక ముందే అది ప్రాసెసర్‌ను ఎలా నడుపుతోంది? కొన్ని బోర్డులు "ఆటో" అన్న పేరుతో తయారీదారు చెప్పిన పరిమితులను దాటి కరెంటూ వోల్టేజీ ఇస్తాయి. సమీక్షల్లో నాలుగు పాయింట్లు ఎక్కువ రావాలన్న ఆరాటం అది. 2023 ఏప్రిల్‌లో కొన్ని ఏఎమ్5 బోర్డుల్లో రైజెన్ ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయినప్పుడు ఎస్ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో మెమొరీ కంట్రోలర్ వంటి భాగాలకు వెళ్లేదాన్ని) 1.3 వోల్టుల దగ్గర కట్టడి చేస్తూ బయోస్‌లు విడుదల చేయాల్సి వచ్చింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు అస్థిరపడినప్పుడు మూలకారణం అధిక వోల్టేజీ అని తేల్చి ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి నడకను సరిదిద్దే కోడ్) ఇచ్చారు, వారంటీని రెండేళ్లు పొడిగించారు. ఆ గొడవలో బోర్డుల ఆటో పరిమితుల మీద కూడా చర్చ జరిగి, ఇంటెల్ తన డిఫాల్ట్ సెట్టింగులు వాడమని పదేపదే చెప్పాల్సి వచ్చింది.

నేర్చుకునేవాడికి ఇది కీలకం. మొదటి మెట్టు ఎక్కడుందో తెలియకపోతే ఎన్ని మెట్లు ఎక్కాడో ఎలా తెలుస్తుంది? అందుకే, ప్రాసెసర్ తయారీదారు పరిమితులను ఒక్క మీటతో తెచ్చిపెట్టే బోర్డు, మార్చిన ప్రతి విలువనూ సేవ్ చేసే ముందు జాబితాగా చూపే బయోస్, ఏళ్ల తరబడి బయోస్ అప్‌డేట్లు ఇస్తున్న చరిత్ర, ఇవి నాకు ముఖ్యం.

ఈ వివరాలు కొనకముందే తెలుసుకోవచ్చు. బోర్డు మాన్యువల్ తయారీదారు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మావాడిచేత రెండు బోర్డుల మాన్యువళ్లు ముందే చదివించాను. అందులో లోడ్‌లైన్ కాలిబ్రేషన్ దగ్గర వాడు ఆగిపోయాడు. బరువు పడినప్పుడు వోల్టేజీ ఎంత జారాలో నిర్ణయించే మీట అది. ఏసస్ బోర్డుల్లో అంకె పెరిగే కొద్దీ దాని పట్టు పెరుగుతుంది. ఎమ్‌ఎస్‌ఐ బోర్డుల్లో మోడ్ 1 అన్నిటికన్నా గట్టిది. ఒక కంపెనీ బోర్డు మీద చేసిన వీడియో చూసి, "ఒకటి పెట్టండి, అదే సురక్షితం" అన్న మాటను ఇంకో కంపెనీ బోర్డులో గుడ్డిగా పాటిస్తే అత్యంత ప్రమాదకరమైన స్థాయిని ఎంచుకున్నట్టు అవుతుంది. కాబట్టి మీకు అర్థమయ్యే మార్గదర్శకాలు, మీకు సాయం చేయగల స్నేహితుడు ఏ కంపెనీ బోర్డు వాడుతున్నారో ఆ కంపెనీదే కొనండి. ఇది సాంకేతిక కారణంలా కనిపించదు గాని నాకు ఇది ఫేజుల కన్నా బలమైన కారణం.

చెన్నై గదిలో

సమీక్షలు చేసేవాళ్ల గదులు చాలావరకు 20, 22 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఏసీ లేని హాస్టల్ గది మే నెల మధ్యాహ్నం 35కు తక్కువ ఉండదు. సమీక్షలో వీఆర్ఎమ్ 65 డిగ్రీలని రాస్తే, గది కన్నా 44 డిగ్రీలు ఎక్కువని చదువుకోవాలి. మన గదిలో అది దాదాపు 79. మంచి బోర్డుకు అదీ భయపడాల్సిన అంకె కాదు, ఆ భాగాలు వంద డిగ్రీలు దాటినా పనిచేసేలా తయారవుతాయి. కాని సమీక్షలోనే 90 చూపిన చవక బోర్డు ఇక్కడ తనంతట తానే వేగం తగ్గించుకోవచ్చు. అప్పుడు మనవాడు ఓవర్‌క్లాక్ నిలవడం లేదని వోల్టేజీ ఇంకా పెంచుతాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

లిక్విడ్ కూలర్ పెట్టేవాళ్లు ఇంకొకటి గమనించాలి. గాలి కూలర్ ఫ్యాను ప్రాసెసర్‌తో పాటు చుట్టుపక్కల వీఆర్ఎమ్‌కూ కొంత గాలి తగిలిస్తుంది. లిక్విడ్ కూలర్‌తో ఆ గాలి పోతుంది. వీఆర్ఎమ్ ఉష్ణోగ్రతను చూపే సెన్సర్ అన్ని బోర్డులకూ ఉండదు, ఉన్నదాన్నే ఎంచుకోవాలి. మావాడు తన ప్రయోగాల పట్టికలో వేగం, వోల్టేజీ పక్కన గది ఉష్ణోగ్రతకు కూడా ఒక గడి పెట్టుకున్నాడు. డిసెంబరులో నిలిచిన సెట్టింగు మేలో నిలవకపోవచ్చు.

అసలు ఇప్పుడు ఎందుకు?

నన్ను నిజంగా ఆలోచింపజేసిన వాదన వేరే ఉంది: ఓవర్‌క్లాకింగ్ కాలం చెల్లిపోయింది కదా, దానికోసం బోర్డు ఎంచుకోవడమెందుకు?

1998లో వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్ సెలెరాన్ 300ఏ గుణకం 4.5. బోర్డు ఇచ్చే మూల వేగాన్ని (బస్ స్పీడ్) 66 నుంచి 100 మెగాహెర్ట్‌జ్‌కు మారిస్తే 300 కాస్తా 450 అయ్యేది, యాభై శాతం లాభం. ఇప్పటి ప్రాసెసర్లు తమ హద్దుకు అంగుళం దూరంలోనే కర్మాగారం నుంచి బయటికి వస్తున్నాయి. మిగిలిన ఆ అంగుళం కోసం మూల్యం ఎక్కువ. విద్యుత్ వినియోగం వేగంతో పాటు, వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది. 1.2 నుంచి 1.3 వోల్టులకు పోయి వేగం 5 శాతం పెంచితే వినియోగం సుమారు 23 శాతం పెరుగుతుంది. చెన్నై గదిలో ఆ వేడిని భరించేది మనిషి.

ఈ వాదన ముందు నేను తలవంచుతాను, కాని ముగింపు మాత్రం మారదు. విద్య అలాగే ఉంది, దిశ మారింది. ఇప్పుడు కర్వ్ ఆప్టిమైజర్ అనే బయోస్ సెట్టింగుతో ఒక్కో కోర్‌కు వోల్టేజీ తగ్గిస్తూ పోతే అదే వేడిలో ఎక్కువ వేగం దొరుకుతుంది. డీడీఆర్5 మెమొరీని ఎక్స్‌పో ప్రొఫైల్‌తో (మెమొరీలోనే దాచి ఉంచిన వేగపు సెట్టింగులతో) 6000 వేగం దగ్గర నిలిపితే రైజెన్ 7000లకు కనిపించే లాభం ఉంటుంది. తమాషా ఏమిటంటే వోల్టేజీ తగ్గించినప్పుడు వచ్చే అస్థిరత భారీ పరీక్షల్లో కాక, కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు బయటపడవచ్చు. గంటసేపు సినీబెంచ్ అనే భారీ పరీక్షలో నిలబడిన యంత్రం ఉత్తరం టైప్ చేస్తుంటే రీస్టార్ట్ అవుతుంది. అంటే నల్ల తెరలు తగ్గవు, ఎక్కువవుతాయి. లేపే సాధనాల అవసరం ఇంకా పెరిగింది. పదహారు ఫేజుల అవసరమే తగ్గింది.

పాత బోర్డు మాట

నేర్చుకోవడానికే అయితే వాడిన ఏఎమ్4 బోర్డు, ఒక బి450, దాని మీద పాత రైజెన్ 5 తీసుకోవడం మేలని నాకు మొదట గట్టిగా అనిపించింది. పోయినా పెద్ద నష్టం ఉండదు, భయం లేకుండా ప్రయోగాలు చేయవచ్చు. ఇప్పటికీ బడ్జెట్ బొత్తిగా తక్కువున్నవాళ్లకు అదే చెబుతాను. కాని సముద్రం పక్క ఊళ్లో పాత బోర్డు కొనేటప్పుడు వెనుక పోర్టుల లోహం, మర రంధ్రాల చుట్టూ ఉన్న వలయాలు వెలుతురులో చూడాలి. తుప్పు, పచ్చటి మచ్చలు ఉంటే ధర ఎంతైనా వదిలేయాలి. ఏఎమ్5, ఇంటెల్ బోర్డులైతే సాకెట్‌లోని పిన్నులు ఫోను లైటు వేసి పక్క నుంచి చూడాలి. వంగిన పిన్ను ఒక్కటున్నా వారంటీ కేంద్రంలో భౌతిక నష్టమని తిప్పి పంపుతారు.

మావాడు పాతది వద్దన్నాడు. "నేర్చుకునేటప్పుడు తప్పు నాదో బోర్డుదో తెలియాలి కదా మామయ్యా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేర్చుకునేవాడికి రెండు అనుమానాలు ఒకేసారి ఉండకూడదు. చివరికి కొన్నది మధ్య ధరలో ఒక బి650. నాలుగు దీపాలు, ఫ్లాష్‌బ్యాక్ బటన్, బరువైన హీట్‌సింక్ ఉన్నది. పెద్ద బోర్డు కొనకపోవడంతో మిగిలిన డబ్బు మంచి పవర్ సప్లైకి, పెద్ద గాలి కూలర్‌కు, తయారీదారు మెమొరీ జాబితాలో పేరున్న రెండు పదహారు జీబీ ర్యామ్ పుల్లలకు సరిపోయింది. నాలుగు కాక రెండే పుల్లలు పెట్టించాను. నాలుగు నింపితే డీడీఆర్5 ఆ వేగాల దగ్గర మొరాయిస్తుంది, ఆ తగాదా కొత్తవాడి నెత్తిన పెట్టకూడదు.